సాంచ నడిచినా, సినిమా ఆడినా ఒకటే ‘రన్’

సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాల సందుల్లో సాంచల చప్పుడుతో పాటు తెలుగు కూడా చెవిన పడుతుంది. సాంచ అంటే పవర్‌లూమ్. సిరిసిల్లలో పనివాళ్ల నోట వినిపించే మాటే అది. ఒకప్పటి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా పెట్టింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణాల బోర్డుల మీద గుజరాతీ, పాఠంలో ఇంగ్లీషు. ఇన్ని భాషలు నాలుక మీద ఆడే పిల్లలను సైతం ఇంగ్లీషులో తికమక పెట్టేవి పొడుగు మాటలు కావు. వాటికి సాధారణంగా ఒకటో రెండో అర్థాలుంటాయి, బట్టీ పడితే వచ్చేస్తాయి. మూడే అక్షరాల ‘రన్’ అలా లొంగదు.

రన్ అంటే పరుగెత్తడం అని మొదటి పాఠం చెబుతుంది. పిల్లవాడు బడి నుంచి ఇల్లు చేరేలోపే ఆ అర్థం చాలకుండా పోతుంది. నాన్న పనిచేసే సాంచ రన్ అవుతోందంటే నడుస్తోందని. సేటు కార్ఖానా రన్ చేస్తున్నాడంటే నడుపుతున్నాడని. కొత్త చీర నీళ్లలో పెడితే రంగు రన్ అయిందంటే దిగిందని. తాపీ నది రన్ అయితే పారుతుంది, జలుబు చేసిన ముక్కు రన్ అయితే కారుతుంది. రోడ్డు స్టేషన్ దాకా రన్ అయితే అక్కడిదాకా పోతుంది. థియేటర్లో సినిమా రన్ అయితే ఆడుతుంది. పక్కన చిన్న ముక్క తగిలిందా, ఇంకో గొడవ: ‘రన్ అవుట్’ అంటే ఇంట్లో బియ్యం నిండుకోవడం, ‘రన్ ఇంటూ’ అంటే పాత దోస్తు దారిలో ఎదురుపడటం, ‘రన్ ఓవర్’ అంటే బండి మనిషి మీదుగా పోవడం.

నిఘంటువులు రాసేవాళ్లకు కూడా ఈ మాట చుక్కలు చూపించింది. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో ముద్రణలో అన్నిటికన్నా పెద్ద పదవివరణ ‘సెట్’ది. ఆ ఒక్క మాటను వివరించడానికి దాదాపు 60,000 పదాలు పట్టాయి; క్రియగానే 430 అర్థాలు లెక్కతేలాయి. మూడో ముద్రణ కోసం సంపాదకుడు పీటర్ గిల్లివర్ తొమ్మిది నెలలు ‘రన్’ మీద కూర్చున్నారు. క్రియగా దానికి 645 అర్థాలు తేల్చారు. సెట్ వెనకబడింది.

ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయి? సూరత్ చరిత్ర పక్కన పెట్టుకుని చూస్తే జవాబు బాగా అర్థమవుతుంది. 1608లో ఇంగ్లీషు నావికుడు విలియం హాకిన్స్ ‘హెక్టర్’ అనే ఓడలో వచ్చి తాపీ ముఖద్వారం దగ్గర లంగరు వేశాడు. ఆ నావికుల ఇంగ్లీషులో రన్ అయ్యేవి మనుషులు, గుర్రాలు, నదులు, గాలివాటున సాగే ఓడలు. ఓడ ఇసుకమేటకు తగిలి నిలిచిపోయినా రన్ అనే మాటే వాడేవారు. తర్వాత యంత్రాలు వచ్చాయి. ఆవిరి ఇంజను, రైలు, మోటారు, చివరికి కంప్యూటరు ప్రోగ్రాము. వీటిలో దేనికీ కాళ్లు లేవు. అయినా ఆగకుండా సాగుతున్నాయి కాబట్టి అన్నిటికీ ఆ పాత మాటే అతికింది. పారిశ్రామిక యుగం రన్‌కు తెచ్చిపెట్టిన అర్థాలు ఇన్నీ అన్నీ కావు. ఓడరేవుగా పేరుపడి, తర్వాత సాంచల ఊరుగా మారిన సూరత్‌లో ఆ పాత అర్థాలూ కొత్త అర్థాలూ రెండూ కళ్లెదుటే కనిపిస్తాయి.

ఎన్నికల సంగతి మరీ చిత్రం. అమెరికాలో అభ్యర్థి ఎన్నికల్లో ‘రన్’ అవుతాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు. ఒకే పోటీకి ఒక దేశంలో పరుగు, ఇంకో దేశంలో నిలబడటం. తెలుగువాళ్లది బ్రిటన్ దారి: మన దగ్గర సర్పంచి పదవికైనా నిలబడాల్సిందే.

తెలుగు పిల్లలు ఇదంతా చూసి బెదరక్కర్లేదు. వాళ్ల అమ్మభాషలో ‘కొట్టు’ ఉంది. చప్పట్లు కొడతాం, ఈత కొడతాం, ఫోన్ కొడతాం, కన్ను కొడతాం, సినిమా బోరు కొడుతుంది, పాచిన కూర వాసన కొడుతుంది. వీటిలో దెబ్బ తినేది ఎవరు? అయినా మూడేళ్ల పిల్ల కూడా తడుముకోదు. ఎవరూ ఆ పిల్లకు ‘కొట్టు’ అర్థాల జాబితా ఇవ్వలేదు. ఈత పక్కన విన్నది, ఫోన్ పక్కన విన్నది, పట్టేసింది. పక్క మాటను బట్టి క్రియ రంగు మారుతుందన్న ఎరుక ఆమెకు పుట్టుకతో వచ్చినంత సహజంగా అబ్బింది. ఇంగ్లీషు రన్‌కు కావాల్సింది కూడా అదే ఎరుక.

మాటలకు అర్థాలు కూర్చే పనిలో సూరత్‌కు సొంత ఘనత ఉంది. ఇక్కడ 1833లో పుట్టిన కవి నర్మద్ ఏళ్ల తరబడి శ్రమించి 1873లో ‘నర్మకోశ్’ పూర్తిగా వెలువరించాడు. గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థం చెప్పిన మొదటి నిఘంటువు అది. ఊళ్లోని విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. తెలుగు మాటలను అంత ఓపికగా ఏరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నిఘంటువు అంతకు ఇరవయ్యేళ్ల ముందే మద్రాసులో అచ్చయింది. ఇద్దరూ మాటకు అర్థం చెప్పి ఊరుకోలేదు, అది వాడుకలో ఎలా తిరుగుతుందో కూడా చూపారు.

ఇంగ్లీషు పాఠాల్లో కొరవడింది ఆ వాడుకే. రన్ ఎదురుగా ‘పరుగెత్తు’ అని ఒక్క మాట రాయించి పేజీ తిప్పేస్తే, పిల్లవాడు సాంచకు కాళ్లు తగిలించి చదువుకుంటాడు. ఇంట్లో పిల్లలు రన్ అంటే ఏమిటని అడిగినప్పుడు వెంటనే అర్థం చెప్పకండి. ఏది రన్ అవుతోందో, రన్ వెనక ‘అవుట్’, ‘ఇంటూ’ లాంటి ముక్క ఏదైనా ఉందేమో ముందు వాళ్లనే చూసి చెప్పమనండి. పుస్తకంలో మాట ఒక్కటే కాకుండా వాక్యం మొత్తం రాయించండి.