పాల బిల్లు చెల్లింపుకు ఏ బ్యాంకు వెబ్‌సైటు సులువు?

ఈ మధ్య మేము తనిఖీకి వెళ్లిన సంఘాల్లో చిట్టా, ఆవర్జాలు చూడటం పూర్తయ్యేలోగా ఒక ప్రశ్న తప్పకుండా వస్తున్నది. "ఏ బ్యాంకులో ఖాతా తెరిస్తే ఆన్‌లైన్ పని సులువుగా సాగుతుందండీ?" అని కార్యదర్శులు అడుగుతున్నారు. విచిత్రమేమంటే, ఒక సంఘం మెచ్చుకున్న వెబ్‌సైటునే పక్క ఊరి సంఘం పనికిరాదంటున్నది. ఇద్దరి మాటా నిజమే. మొదటి సంఘం దానిని నిలువ చూసుకోవటానికి మాత్రమే వాడుతున్నది. రెండవ సంఘం పది రోజులకొకసారి నూట ఇరవై మంది ఉత్పత్తిదారులకు దాని ద్వారానే పాల సొమ్ము పంపుతున్నది.

కనుక సులువు అనేది వెబ్‌సైటును బట్టి మాత్రమే ఉండదు, మనం చేసే పనిని బట్టి ఉంటుంది. మన పనిని పక్కన పెట్టి వెబ్‌సైట్లను పోల్చటం నేల విడిచి సాము చేయటమే. పాల సంఘానికి బ్యాంకు వెబ్‌సైటుతో ఉండే పనులు ముఖ్యంగా ఐదు. ఏ బ్యాంకునైనా ఈ ఐదింటి మీద పరీక్షించి చూడవలసిందిగా మా సలహా.

1. లోపలికి ప్రవేశించటం

అన్ని బ్యాంకుల్లోనూ వాడుకరి పేరు, రహస్య పదం, ఫోనుకు వచ్చే ఓ.టి.పి. ఉంటాయి. తేడాలు చిన్న విషయాల్లో కనిపిస్తాయి. వంకర అక్షరాల బొమ్మను చూసి టైపు చేయమన్నప్పుడు అవి చదవటానికి వీలుగా ఉన్నాయా? చదవలేకపోతే వేరే బొమ్మ అడగవచ్చునా? రహస్య పదం మరచిపోతే ఇంటి నుంచే మార్చుకోవచ్చునా, బ్రాంచికి వెళ్లవలసిందేనా? కొన్ని నిమిషాలు ఏమీ నొక్కకపోతే వెబ్‌సైటు మనల్ని బయటకు పంపివేస్తుంది. పాలు పోయటానికి వచ్చినవారికి సమాధానం చెప్పి వచ్చేసరికి సగం చేసిన పని పోతున్నదా, లేక నిలిచి ఉంటున్నదా? నిలిపి ఉంచే వెబ్‌సైటు మన కార్యదర్శికి మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అసలు బ్యాంకు వెబ్‌సైటును పోలిన దొంగ వెబ్‌సైట్లు ఉన్నాయి. వీటిని అరికట్టటానికి రిజర్వు బ్యాంకు మన దేశంలోని బ్యాంకులకు ప్రత్యేకమైన చిరునామా ఏర్పాటు చేసి, 2025 అక్టోబరు 31 లోగా దానికి మారాలని ఆదేశించింది. ఆ చిరునామా చివర 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ఉంటుంది. ఇతరులకు ఆ ముగింపు ఇవ్వరు. ప్రవేశించే ముందు చిరునామా చివర చూడటం, పాల క్యాను మూత తీసి వాసన చూడటం వంటి అలవాటు కావాలి.

2. సభ్యుల ఖాతాలు చేర్చటం

ఈ పనిలో జరిగిన పొరపాటు ఒకటి మా కళ్లముందే ఉన్నది. 2023లో ఒక సంఘంలో, రెండు గేదెలున్న ఒక సభ్యురాలి ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పు పడింది. ఆమె పది రోజుల పాల సొమ్ము వేరే జిల్లాలోని అపరిచితుని ఖాతాకు చేరింది. తెర మీద మాత్రం 'విజయవంతం' అని వచ్చింది. ఆ కాగితాన్ని వోచరుకు జతపరిచారు. మేమూ దానిని చూసి టిక్కు పెట్టి వచ్చాము. దాణా కొట్టువాడు బాకీ అడిగిన రోజున ఆమె పాసుపుస్తకం తీసుకొని సంఘానికి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. బ్యాంకుల చుట్టూ తిరిగి ఆ డబ్బు రాబట్టటానికి నెలలు పట్టింది. అంతవరకూ ఆమెకు కార్యదర్శి తన జీతం నుంచి సర్దుబాటు చేశారు.

తప్పు ఎక్కడ జరిగింది? ఆన్‌లైనులో డబ్బు జమ అయ్యేది ఖాతా సంఖ్యను బట్టి, పేరును బట్టి కాదు. సంఖ్యకు ఎదురుగా మనం ఎవరి పేరు రాసినా సొమ్ము ఆ సంఖ్యగల ఖాతాకే పోతుంది. ఎన్.ఇ.ఎఫ్.టి., ఆర్.టి.జి.ఎస్. చెల్లింపులకు ముందు ఖాతాదారుని పేరు బ్యాంకు రికార్డు నుంచి తెర మీద చూపే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 లోగా కల్పించాలని, అందుకు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. వెబ్‌సైట్లను పోల్చేటప్పుడు మొట్టమొదట చూడవలసినది ఇదే. పేరు దానంతట అది కనబడుతున్నదా, లేక వేరే మీట నొక్కి అడిగితేనే కనబడుతున్నదా? ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక ఉండవచ్చు. దానికి కంగారుపడనక్కరలేదు. కాని పేరే వేరైతే అక్కడితో ఆగిపోవాలి.

ఖాతా సంఖ్యను రెండుసార్లు టైపు చేయమనే వెబ్‌సైటును విసుక్కోవద్దు. కొత్తగా చేర్చిన ఖాతాకు కొంతసేపటి వరకు డబ్బు పంపనివ్వని బ్యాంకులు, మొదటి రోజు కొంత మొత్తానికి మించి పంపనివ్వని బ్యాంకులు ఉన్నాయి. కార్యదర్శులు దీనిని ఇబ్బందిగా చెబుతున్నారు. ఇది కాపలా కుక్క మొరిగినందుకు కోప్పడటం వంటిది. బిల్లు తేదీకి రెండు రోజుల ముందే ఖాతాలు చేర్చుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు విషయం కూడా చూడాలి. అందులో 11 స్థానాలు ఉంటాయి. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకును, చివరి ఆరు స్థానాలు బ్రాంచిని తెలుపుతాయి. ఐదవ స్థానంలో ఉండేది సున్న, 'ఓ' అక్షరం కాదు. మన సభ్యుల పాత పాసుపుస్తకాల్లోని కోడులు చాలావరకు మారిపోయాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాయి. 2025లో గ్రామీణ బ్యాంకులు కూడా ఒక రాష్ట్రానికి ఒకటి చొప్పున ఏకమయ్యాయి. కాబట్టి కోడును చేత్తో టైపు చేయించుకునే వెబ్‌సైటు కన్న, బ్యాంకు, ఊరు, బ్రాంచి పేర్ల జాబితా చూపి ఎంచుకోమనే వెబ్‌సైటు మనకు అనుకూలం.

3. బిల్లు సొమ్ము పంపటం

ఒక్కొక్క సభ్యునికి విడిగా పంపటానికి రెండు నిమిషాలు అనుకుందాము. 120 మందికి నాలుగు గంటలు. నెలకు మూడు బిల్లులైతే 12 గంటలు. అదే మొత్తం పట్టికను ఒకే ఫైలుగా పంపే సౌకర్యం ఉంటే పని అరగంటలో ముగుస్తుంది. కొన్ని బ్యాంకులు ఈ సౌకర్యాన్ని సంస్థల ఖాతాలకు మాత్రమే ఇస్తాయి, అదీ అడిగితేనే. ఖాతా తెరిచే రోజునే దరఖాస్తులో రాసి ఇవ్వాలి.

ఫైలు పంపించే పద్ధతిలో వెబ్‌సైటుకు వెబ్‌సైటుకు చాలా తేడా ఉన్నది. ఒక వరుసలో తప్పుంటే 'ఫైలు చెల్లదు' అని మొత్తం తిప్పికొట్టేవి కొన్ని. పలానా వరుసలో పలానా తప్పు అని చూపేవి కొన్ని. రెండవ రకమే సులువైనది. చివరి ఆమోదానికి ముందు ఎంతమందికి, మొత్తం ఎంత అనే లెక్క తెర మీద రావాలి. ఆ మొత్తం బిల్లు పట్టిక మొత్తంతో పైసలతో సహా సరిపోయినప్పుడే ముందుకు సాగాలి.

ఎన్.ఇ.ఎఫ్.టి. 2019 డిసెంబరు 16 నుంచి సెలవు దినాలతో సహా రేయింబవళ్లు అరగంటకొక విడత చొప్పున నడుస్తున్నది. పొదుపు ఖాతాల నుంచి ఆన్‌లైనులో చేసే ఎన్.ఇ.ఎఫ్.టి.కి రుసుము తీసుకోరాదన్న నిబంధన 2020 జనవరి 1న అమలులోకి వచ్చింది. మన సంఘం ఖాతా కరెంటు ఖాతా అయితే రుసుము ఉన్నదో లేదో ముందుగా అడిగి తెలుసుకోవాలి. 120 చెల్లింపుల మీద కొద్ది రూపాయలైనా నెలకు మూడుసార్లు పడితే చిన్న మొత్తం కాదు.

4. ఇద్దరి ఆమోదం

చెక్కు మీద అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరూ సంతకం చేసేవారు. ఆన్‌లైనులోకి వచ్చేసరికి కొన్ని సంఘాల్లో ఒక్కరే అన్నీ చేస్తున్నారు. అధ్యక్షులవారి ఫోను కూడా కార్యదర్శి సంచిలోనే ఉంటున్నది. ఇది సులువుగా కనబడుతుంది, కాని సంఘానికి ప్రమాదం. ఒకరు చెల్లింపు తయారుచేయటం, మరొకరు తమ పేరుతో, తమ ఫోనుతో ఆమోదించటం అనే పద్ధతి ఉన్న ఖాతానే తీసుకోవాలి.

ఒకే బ్యాంకులోనూ ఈ విషయంలో తేడా ఉంటుంది. ఉదాహరణకు స్టేట్ బ్యాంకు సంస్థల కోసం సరళ్, వ్యాపార్, విస్తార్ అనే పేర్లతో వేర్వేరు రకాల సేవలు ఏర్పాటు చేసింది. సరళ్ ఒక్క వ్యక్తి నడుపుకునేది. వ్యాపార్, విస్తార్ పలువురు అధికారాలు పంచుకొని నడుపుకునేవి. పేరులోనే సరళం ఉన్నది కదా అని సంఘం దానిని ఎంచుకుంటే రెండవ చేయి లేకుండా పోతుంది.

పాలకవర్గం మారినప్పుడు పాతవారి పేరు తీసి కొత్తవారి పేరు చేర్చటం ఎంత సులువో కూడా అడగండి. మేము చూసిన ఒక సంఘంలో ఓ.టి.పి. ఇంకా మాజీ అధ్యక్షుని ఫోనుకే పోతున్నది. ఆయన కూతురి ఊరు వెళ్లినప్పుడు సంక్రాంతి ముందు బిల్లు వారం రోజులు ఆగిపోయింది. తీర్మానం నకలు ఇచ్చిన ఎన్ని రోజుల్లో మార్పు జరుగుతుందో బ్రాంచిలో ముందే తెలుసుకోవాలి.

5. లెక్క సరిచూసుకోవటం

'విజయవంతం' అన్న మాట బ్యాంకు మన ఉత్తర్వును స్వీకరించిందని మాత్రమే చెప్పవచ్చు. ఖాతా మూతపడి ఉంటే సొమ్ము వెనక్కు వస్తుంది. ఎన్.ఇ.ఎఫ్.టి.లో జమ కాని సొమ్మును ఆ విడత ముగిసిన రెండు గంటల్లో తిప్పి పంపాలన్నది నియమం. వెనక్కు వచ్చినవాటిని సభ్యుని పేరుతో సహా విడి పట్టికగా చూపే వెబ్‌సైటు మంచిది. కేవలం ఒక సంఖ్య వేసి ఊరుకునే వెబ్‌సైటులో ఆ డబ్బు ఎవరిదో వెదుక్కోవటానికి ఒక పూట పడుతుంది. ప్రతి చెల్లింపుకూ వచ్చే యు.టి.ఆర్. సంఖ్యను వోచరులో రాసి ఉంచాలి. ఫిర్యాదు చేయవలసి వస్తే అదే ఆధారం. ఆడిట్ కోసం సంవత్సరం మొత్తం ఖాతా వివరాలు ఒకేసారి దింపుకోవచ్చునో, మూడేసి నెలలుగా దింపుకోవాలో కూడా చూడండి.

సహకార బ్యాంకుల సంగతి

మన సంఘాల్లో కొన్నింటికి జిల్లా సహకార కేంద్ర బ్యాంకులో ఖాతాలు ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 2015లో సహకార బ్యాంకులకు ఇచ్చిన సూత్రాల్లో ఆన్‌లైన్ సేవను రెండు మెట్లుగా విభజించింది. ఒకటి చూసుకోవటానికి మాత్రమే. రెండవది చెల్లింపులతో కూడినది. రెండవదానికి ఆర్థిక స్తోమత ఉండి, రిజర్వు బ్యాంకు అనుమతి పొందాలి. మీ బ్యాంకు ఏ మెట్టు మీద ఉన్నదో అడగండి. చూసుకునే సౌకర్యం మాత్రమే ఉన్నంతకాలం చెల్లింపు పట్టికను బ్రాంచికి ఇవ్వవలసిందే. అయితే పిలిస్తే పలికే బ్రాంచి దగ్గరలో ఉండటం కూడా ఒక సులువే. తప్పు జరిగిన రోజున దాని విలువ తెలుస్తుంది.

ఎలా పోల్చాలి?

ఖాతా మార్చాలనుకునే సంఘం ముందుగా ఆ బ్యాంకును వాడుతున్న వేరొక సంఘానికి బిల్లు రోజున వెళ్లి కార్యదర్శి పక్కన కూర్చోవాలి. పై ఐదు పనులకు ఒక కాగితం మీద గడులు గీసి, ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగింది, తప్పును ఎవరు ముందు పట్టుకున్నారు అన్నవి రాసుకోవాలి. ఖాతా తెరిచాక మొదటి బిల్లుకు ముందు ప్రతి సభ్యునికీ ఒక్క రూపాయి పంపి, పాసుపుస్తకంలో పడిందో లేదో పాలు పోసే వేళ అడగాలి. 120 మందికి ఖర్చయ్యేది 120 రూపాయలు. ఆ సభ్యురాలి విషయంలో ఈ పని చేసి ఉంటే, పోయేది ఒక్క రూపాయి.

మోసం జరిగిందని అనుమానం వస్తే మొదట బ్యాంకుకు, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయాలి. పాలకవర్గ సమావేశం దాకా ఆగరాదు. ఓ.టి.పి. బ్యాంకువారు సహా ఎవరు అడిగినా చెప్పరాదు.

సంఘాల కార్యదర్శులకు మేము చెప్పేది ఇంతే. త్వరగా పంపించే వెబ్‌సైటు మంచిదే. పంపకముందే మన తప్పును చూపే వెబ్‌సైటు అంతకన్న మంచిది. తెల్లవారుజామున లేచి పాలు పితికినవారి సొమ్ము వారికే చేరటం కన్న మన సంఘానికి వేరే సులువు అక్కరలేదు.