మూడు వాకిళ్ల దుకాణం

వెనుకటి రోజుల్లో పెళ్లి ఫోటోలంటే ఇంటికొక ఆల్బం. దాన్ని ట్రంకుపెట్టె అడుగున పట్టుచీరల మధ్య దాచేవారు. ఈనాడు ఒక్క పెళ్లికి వేల ఫోటోలు. “అవన్నీ ఎక్కడున్నాయిరా?” అని అడిగితే, “క్లౌడులో ఉన్నాయి తాతయ్యా!” అంటాడు మనమడు. క్లౌడంటే మబ్బు. మబ్బులో నీళ్లుంటాయి గాని పెళ్లి ఫోటోలుంటాయా?

నిజానికి అక్కడ మబ్బూ లేదు, ఆకాశమూ లేదు. ఎక్కడో ఒక పెద్ద గిడ్డంగిలో బీరువాల వరుసలు, వాటిలో గిరగిర తిరిగే అయస్కాంతపు పళ్లేలు. వాటినే హార్డ్‌డిస్కులంటారు. కాలిఫోర్నియాలో 1970లో పుట్టిన వెస్టర్న్ డిజిటల్ వాటిని తయారుచేసే పెద్ద కంపెనీలలో ఒకటి. దాని జమాఖర్చుల కథ మన సంసారాలకూ పనికివచ్చేదే గనుక కాస్త చెప్పుకుందాం.

ఈ కంపెనీ సరుకు మూడు వాకిళ్ల గుండా బయటికి పోతుంది. మొదటిది క్లౌడు: గిడ్డంగులు నడిపే బడా కంపెనీల కొనుగోళ్లు. రెండవది కంప్యూటర్లు, ఫోన్లు తయారుచేసేవారు కొనేది. మూడవది మనబోటివారు బజారులో కొనుక్కునేది. ఏ యేటి ఆదాయమైనా ఈ మూడు వాకిళ్ల జమే.

2022 జూలై మొదట ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఈ జమ దాదాపు 1,880 కోట్ల డాలర్లు. మరుసటి యేడు 1,230 కోట్లకు పడిపోయింది. కోవిడ్ కాలంలో ఇంట కూర్చున్న ప్రపంచమంతా కంప్యూటర్లు కొన్నది, గిడ్డంగులవారు ముందుచూపుతో సరుకు నింపుకున్నారు. నిండిన గాదెకు మళ్లీ ధాన్యం ఎవరు కొంటారు? మూడు వాకిళ్లూ ఒకేసారి పలచబడ్డాయి. ఆ యేడు నష్టం దాదాపు 170 కోట్ల డాలర్లు. కలిమిలేములు కావడికుండలన్న మాట కోటీశ్వరులకూ వర్తిస్తుందన్నమాట!

2024 జూన్ నాటికి ఆదాయం తిరిగి 1,300 కోట్లకు చేరింది. 2025 జూన్‌లో మాత్రం లెక్క 952 కోట్లే చూపింది. పైపైన చూసినవారు “అయ్యో, మళ్లీ పడిపోయింది!” అనుకుంటారు. కాని పొరబాటు. ఈ మధ్యలో ఇంట్లో వేరుకాపురం జరిగింది. తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లోనే సమాచారం దాచే శాండిస్క్ అనే కంపెనీని వెస్టర్న్ డిజిటల్ 2016లో కొన్నది. 2025 ఫిబ్రవరిలో దాన్ని వేరుచేసింది. తమ్ముడు వేరుపడ్డాక అతని జీతం తీసేసి పాత లెక్క చూడాలి గదా! అలా చూస్తే, ఒక్క డిస్కుల వ్యాపారమే అంతకుముందు యేటికన్న నూటికి 51 వంతులు పెరిగింది.

ఎందుకు పెరిగింది? కృత్రిమ మేధ వచ్చి సమాచారానికి ఆకలి పెంచింది. రాసేవి, చూసేవి, చెరిపివేయడానికి మనసొప్పనివి అన్నిటికీ చోటు కావాలి. ఆ చోటు కల్పించే విద్యా పెరిగింది. 1956లో ఐ.బి.ఎం. వారు శాన్ హోసేలో తయారుచేసిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో 50 పళ్లేలు. అంత పెద్ద బీరువాలో పట్టినవి 50 లక్షల ఇంగ్లీషు అక్షరాలు. 2024లో వెస్టర్న్ డిజిటల్ తెచ్చిన డిస్కు అరచేతిలో ఇమిడిపోతుంది. దానిలో పళ్లేలు 11. పట్టేవి 32 లక్షల కోట్ల అక్షరాలు! పళ్లేలు ఒరుసుకోకుండా దగ్గరదగ్గరగా తిరగడానికి లోపల గాలికి బదులు తేలికైన హీలియం నింపుతారు. విచిత్రమేమంటే, ఐ.బి.ఎం. డిస్కుల వ్యాపారం 2003లో హిటాచీకి, 2012లో హిటాచీ నుంచి ఈ కంపెనీకే వచ్చింది. తాతగారి ఆస్తి తిరిగి తిరిగి ఈ ఇంటికే చేరిందన్నమాట.

అయితే ఇక్కడే ఒక ముల్లున్నది. 2025 జూన్‌తో ముగిసిన మూడు నెలల్లో వచ్చిన ఆదాయంలో నూటికి ఇంచుమించు 90 వంతులు ఒక్క క్లౌడు వాకిలి నుంచే. మిగిలిన రెండు వాకిళ్ల గుండా వచ్చినది పదివంతులు. మూడు వాకిళ్ల దుకాణం ఒంటిస్తంభపు మేడగా మారింది.

ఈ కంపెనీకి ఆ భయం కొత్తది కాదు. తొలిరోజుల్లో అది లెక్కలు చేసే చిన్న యంత్రాలకు చిప్పులు అమ్మేది. కొనేవారిలో అందరికన్నా పెద్దదైన బౌమార్ కంపెనీ 1975లో దివాలా తీసింది. మరుసటి యేడు వెస్టర్న్ డిజిటల్ కూడా కోర్టులో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. ఆ తరువాత నిలదొక్కుకొని డిస్కుల వైపు మళ్లింది. 2011 అక్టోబరులో థాయిలాండ్ వరదలు దాని ఫ్యాక్టరీలను ముంచాయి. ఆ త్రైమాసికంలో పంపిన డిస్కులు సగానికి సగం తగ్గాయి. కొనేవారు ఒక్కరైనా, తయారయ్యే చోటు ఒక్కటైనా ప్రమాదమేనని ఆ ఇంటివారికి తెలిసినంతగా మరెవరికి తెలుసు?

కనుక “ఆదాయం పెరిగింది” అనే వార్త చూసి, పొదుపు సొమ్ము తీసుకుని షేర్ల బజారుకు పరుగెత్తబోయే గృహస్థులు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దేనితో పోల్చి పెరిగింది? ఏ వాకిలి నుంచి పెరిగింది? ఖర్చులు పోను మిగిలినదెంత? ఈ ప్రశ్నలు కొత్తవేమీ కావు. పెద్దబ్బాయి జీతం పెరిగిందని ఇంటాయన సంతోషంతో వచ్చి చెప్పినప్పుడు, వంటింట్లోంచి ఇల్లాలు ఎప్పుడూ అడిగేవే ఇవి.