మంచి మనిషి అంటే ఎవరు? – క్రైస్తవ విశ్వాసం చెప్పే సమాధానం



"ఆయన చాలా మంచి మనిషి" అనే మాటను మనం తరచుగా వింటూ ఉంటాం. ఎవరి జోలికీ పోనివాణ్ణి మంచివాడంటాం. అబద్ధమాడనివాణ్ణి, అప్పు ఎగ్గొట్టనివాణ్ణి కూడా మంచివాడనే అంటాం. ఈ నిర్వచనాలన్నింటిలోనూ ఒక పోలిక ఉంది, గమనించారా? అన్నీ ఆ మనిషి 'చేయని' పనుల గురించే చెబుతున్నాయి. మరి చెడు చేయకుండా ఉంటే చాలు, మంచివాళ్లమైపోతామా? ఈ ప్రశ్నకు క్రైస్తవ విశ్వాసం ఇచ్చే సమాధానాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

నేను ఈ ప్రసంగం చేస్తున్నది జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నుండి. ఒక పార్సీ కుటుంబం స్థాపించిన ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరిది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి వచ్చిన తెలుగువారితో సహా దేశం నలుమూలల ప్రజలు ఇక్కడ స్థిరపడ్డారు. గుడి, మసీదు, గురుద్వారా, చర్చి, ఆదివాసుల సర్నా స్థలం అన్నీ ఈ ఊళ్లో ఉన్నాయి. ఇలాంటి చోట పక్కింటివారి విశ్వాసం 'మంచి' అనే మాటను ఎలా అర్థం చేసుకుంటుందో తెలుసుకోవడం అందరికీ అవసరమే. ఏ మతాన్నీ ప్రచారం చేయడం గానీ, విమర్శించడం గానీ ఈ పాఠం ఉద్దేశం కాదు.

1. పొరుగువాడు ఎవరు?

లూకా సువార్త పదో అధ్యాయంలో ఒక కథ ఉంది. యెరూషలేము నుండి యెరికోకు వెళ్లే దారిలో ఒక ప్రయాణికుణ్ణి దొంగలు కొట్టి, దోచుకొని, కొనప్రాణంతో వదిలేశారు. ఆ దారి సుమారు వెయ్యి మీటర్లు దిగువకు దిగే కొండదారి, నిర్మానుష్యమైనది. అటుగా వచ్చిన ఒక యాజకుడు అతన్ని చూసి పక్కనుండి వెళ్లిపోయాడు. తరువాత వచ్చిన లేవీయుడు, అనగా దేవాలయ సేవకుడు, అలాగే వెళ్లాడు. మూడోసారి వచ్చినవాడు సమరయుడు. ఆ కాలంలో యూదులకు, సమరయులకు పడేది కాదు. అయినా అతడు ఆగాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించి సత్రానికి తీసుకువెళ్లాడు. సత్రం యజమానికి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరుగు ప్రయాణంలో ఇస్తానని మాట ఇచ్చాడు. ఒక దేనారం ఆనాటి కూలివాడి ఒకరోజు వేతనం.

ఇప్పుడు యాజకుణ్ణి గురించి ఆలోచించండి. అతడు ఎవరినీ కొట్టలేదు, దోచుకోలేదు. మనం మొదట చెప్పుకున్న నిర్వచనం ప్రకారం అతడు మంచివాడే! ఆ నిర్వచనం ఎక్కడ చాలదో ఈ కథ చూపిస్తుంది. చేయవలసిన మంచిని చేయకపోవడం కూడా తప్పేనని క్రైస్తవ బోధ అంటుంది.

మరో విషయం. యేసు ఈ కథ చెప్పింది, నా పొరుగువాడు ఎవడు అని ఒక ధర్మశాస్త్ర పండితుడు అడిగినప్పుడు. ఆ ప్రశ్నలో ఒక లెక్క ఉంది: ఎంతవరకు ప్రేమిస్తే సరిపోతుంది, ఎక్కడ ఆగవచ్చు? కథ ముగిశాక యేసు ప్రశ్ననే తిప్పి అడిగాడు: ఆ ముగ్గురిలో గాయపడినవాడికి పొరుగువాడైనది ఎవరు? అంటే పొరుగుతనం ఇంటి నంబరును బట్టి, కులాన్ని బట్టి వచ్చేది కాదు. మనం ముందుకు వెళ్లి సంపాదించుకునేది.

ఈ కథ పేరు మన దేశ న్యాయవ్యవస్థలో కూడా ఉంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఆదుకునే వ్యక్తిని మన చట్టం 'గుడ్ సమారిటన్' అంటుంది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వారి రక్షణకు ఉద్దేశించిన మార్గదర్శకాలకు ఆమోదం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణలో 134ఎ సెక్షన్ చేరింది. సదుద్దేశంతో సాయం చేసినవారిపై కేసు పెట్టరాదు. పేరు చెప్పమని బలవంతం చేయరాదు. పోలీసులకు భయపడి ప్రమాద స్థలం నుండి తప్పుకునే అవసరం ఈనాడు మీకు లేదు.

2. మంచితనం ఎక్కడి నుండి వస్తుంది?

అయితే మంచి పనులు పోగుచేసుకుంటూ పోతే మంచివాళ్లమైపోతామా? ఇక్కడ క్రైస్తవ విశ్వాసం మనల్ని ఆపుతుంది. సువార్తలలో ఒక ధనవంతుడు యేసును మంచి బోధకుడా అని పిలుస్తాడు. నిజంగా మంచివాడు దేవుడొక్కడేనన్నది ఆయన జవాబు సారాంశం. చిన్నప్పటి నుండి ఆజ్ఞలన్నీ పాటించానని చెప్పిన ఆ మనిషి, ఆస్తిని పేదలకు ఇవ్వమనేసరికి దిగులుగా వెళ్లిపోయాడు. మరొక కథలో తన ఉపవాసాలను, దానాలను దేవునికే లెక్క చెప్పిన పరిసయ్యుడి కంటే, తలవంచుకొని కరుణ కోరిన పన్నుల వసూలుదారుడే నీతిమంతుడుగా ఇంటికి వెళ్లాడు.

తెలుగులో 'నీతి' అంటే సత్ప్రవర్తన. తెలుగు బైబిలులో 'నీతిమంతుడు' అనే మాటకు దానితోపాటు మరో అర్థం ఉంది: దేవునితో సంబంధం సరిపడినవాడు. ఆ సంబంధం మనిషి సంపాదన కాదు, ఉచితంగా లభించేది అని పౌలు బోధ. దానినే 'కృప' అంటారు. యాకోబు పత్రిక మాత్రం, క్రియలు లేని విశ్వాసం ప్రాణం లేనిదని హెచ్చరిస్తుంది.

ఈ రెండింటిలో ఏది ముఖ్యమనే వాదం 16వ శతాబ్దంలో యూరపు క్రైస్తవాన్ని చీల్చింది. ఆ చీలిక మా ఛోటానాగ్‌పూర్ వరకూ వచ్చింది. 1845లో గోస్నర్ మిషన్ లూథరన్‌లు రాంచీ చేరారు. 1869లో వారిలో ఒక భాగం ఆంగ్లికన్ సంఘంలో చేరింది. తరువాత జెసూట్ కాథలిక్కులు వచ్చారు. ఒకే గ్రామంలో రెండు మూడు చర్చిలు వెలిశాయి. చివరకు 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్‌లు, కాథలిక్కులు ఈ విషయంపై ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. దాని సారం ఇది: దేవుడు మనిషిని అతని అర్హతను బట్టి కాక కృపతో స్వీకరిస్తాడు, సత్క్రియలు ఆ స్వీకారానికి ఫలాలు.

విజ్ఞానశాస్త్రం చదివే మీకు మా ఊరి ఉదాహరణతో చెబుతాను. జంషెడ్‌పూర్ కర్మాగారంలో తొలిసారి ఇనుము తయారైంది 1911 డిసెంబరులో. తొలి ఉక్కు దిమ్మె 1912 ఫిబ్రవరిలో. ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ మండి ఏర్పడే కార్బన్ మోనాక్సైడ్ ఆ ఆక్సిజన్‌ను తీసుకుపోతుంది. సున్నపురాయి మాలిన్యాలతో కలిసి లోహమలంగా బయటకు పోతుంది. ఖనిజం తనంతట తాను ఇనుముగా మారదు. వేడి, కార్బన్ బయటి నుండి రావాలి. పౌలు చెప్పింది ఇలాంటిదే. కానీ ఉక్కును తయారుచేసేది గోదాములో ఉంచడానికి కాదు. పట్టా అయి రైలును, దూలమై కప్పును మోయాలి. యాకోబు చెప్పింది ఇది. ఏ పోలికకైనా ఒక హద్దు ఉంటుంది. ఖనిజం కొలిమిని కాదనలేదు, మనిషి కాదనగలడు.

3. కట్టు కడితే చాలునా?

సమరయుడు గాయానికి కట్టు కట్టాడు. కానీ అదే దారిలో రోజూ దొంగలు పడుతుంటే? మంచి మనిషి ఆ దారిని కూడా బాగుచేయాలి కదా! ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవారిలో ఒకరు జర్మన్ జెసూట్ ఫాదర్ జాన్ హోఫ్‌మన్. ఆయన ముండాల మధ్య సర్వదా మిషన్‌లో పనిచేశారు. ముండాలు అడవి కొట్టి సాగులోకి తెచ్చుకున్న ఉమ్మడి భూములు జమీందారుల, వడ్డీవ్యాపారుల పాలవుతున్న కాలమది. 1899 చివర బిర్సా ముండా నాయకత్వంలో తిరుగుబాటు మొదలైంది. ఆ డిసెంబరు 24న బిర్సా అనుచరులు సర్వదా మిషన్‌పైన కూడా బాణాలు వేశారు. బిర్సా 1900 జూన్ 9న రాంచీ జైలులో మరణించాడు.

హోఫ్‌మన్ ఆ ఉద్యమాన్ని సమర్థించలేదు. కానీ దాని వెనుక ఉన్న బాధ నిజమని గుర్తించారు. తన మిషన్‌పై దాడి చేసినవారి జాతి భూమిహక్కుల కోసమే ఆయన పూనుకున్నారు. ముండాల భూవ్యవస్థను వివరించే పత్రాన్ని లిస్టర్ అనే అధికారితో కలిసి ప్రభుత్వానికి సమర్పించారు. 1908లో వచ్చిన ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టానికి మూలం ముండాల పోరాటం; దాని రూపకల్పనకు ఉపయోగపడిన వాటిలో హోఫ్‌మన్ కృషి ఒకటి. ఆదివాసుల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా అడ్డుకునే ఆ చట్టం నేటికీ అమలులో ఉంది. 1909లో ఆయన కాథలిక్ సహకార పరపతి సంఘాన్ని ప్రారంభించారు. సభ్యులు కొద్దికొద్దిగా పొదుపు చేస్తారు. అవసరమైనప్పుడు తక్కువ వడ్డీకి అప్పు తీసుకుంటారు. భూమిని తాకట్టు పెట్టవలసిన పని ఉండదు. దానం ఒక పూట ఆకలి తీరుస్తుంది; ఇలాంటి ఏర్పాటు మళ్లీ ఆకలి రాకుండా చూస్తుంది.

జంషెడ్‌పూర్‌లో 1949లో జెసూట్‌లు స్థాపించిన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ సంస్థకు తొలి లక్ష్యం కూడా ఇలాంటిదే. కార్మికులకు, యాజమాన్యానికి మధ్య సంబంధాలు న్యాయంగా ఉండాలన్న ఆలోచనతోనే అది పుట్టింది.

4. సాయానికి షరతు ఉంటుందా?

హోఫ్‌మన్ సంఘం, దాని పేరే చెబుతున్నట్లు, కాథలిక్ రైతుల సంఘం. ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు: మతంలో చేర్చుకోవడానికి చేసే సాయం మంచితనమేనా? ఈ వివాదం జార్ఖండ్‌లో చాలాకాలంగా ఉంది. బలవంతంతో, ప్రలోభంతో జరిగే మతమార్పిడిని నిషేధిస్తూ 2017లో ఇక్కడ చట్టం కూడా వచ్చింది.

ఈ ప్రశ్న అంతకు చాలా ముందే మన తెలుగు నేలపై తలెత్తింది. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి పని కల్పించారు. వారిలో ఎక్కువమంది దళితులు. చాలామంది బాప్తిస్మం కోరినా, కరువు సాయం సాగినంతకాలం ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారుతున్నారేమోనన్న అనుమానానికి తావుండకూడదన్నది ఆయన నియమం. సాయం ఆగిపోయాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారు ఎందుకు మారారన్నది చరిత్రకారులు చర్చించే విషయం. మనకు ముఖ్యమైనది ఆయన పాటించిన నియమం. సమరయుడు కూడా గాయపడినవాడి మతం అడగలేదు, ప్రతిఫలం కోరలేదు. షరతుతో చేసిన సాయాన్ని తప్పుపట్టే కొలబద్ద క్రైస్తవ విశ్వాసంలోనే ఉందన్నమాట.

మత్తయి సువార్త 25వ అధ్యాయం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టినవారు, రోగులను, ఖైదీలను పరామర్శించినవారు తీర్పు దినాన ఆశ్చర్యపోతారు. తాము దేవునికే సేవ చేశామని వారికి తెలియదు. మంచి మనిషి తన మంచితనానికి ఖాతా రాసుకోడని దీని భావం.

క్రైస్తవులు కానివారు మంచివారు కాలేరా అని మీరు అడగవచ్చు. యేసు చెప్పిన కథలో ఆదర్శంగా నిలిచిన సమరయుడే బయటివాడు. ఇతర మతాలలోని సత్యమైన, పవిత్రమైన దేనినీ తాము తిరస్కరించమని కాథలిక్ సంఘం 1965లో రెండో వాటికన్ సభలో ప్రకటించింది.

5. శత్రువు కూడా పొరుగువాడేనా?

అన్నింటికంటే కష్టమైన పాఠం ఇది. జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాను ఆనుకొని ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా ఉంది. అక్కడి బారిపదాలో ఆస్ట్రేలియా దేశస్థుడు గ్రాహమ్ స్టెయిన్స్ 1965 నుండి కుష్ఠు రోగులకు సేవ చేశారు. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక, కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామంలో ఆయనను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని ఒక గుంపు వాహనంలోనే సజీవదహనం చేసింది.

భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమిస్తున్నానని బహిరంగంగా చెప్పారు. 2004 వరకు బారిపదాలోనే ఉండి రోగుల సేవ కొనసాగించారు. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. క్షమ అంటే నేరాన్ని నేరం కాదనడం కాదు. న్యాయస్థానాలు తమ పని తాము చేశాయి. ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. శిక్ష విధించడం సమాజం బాధ్యత. పగను మనసులో పెంచుకోకపోవడం ఆమె తీసుకున్న నిర్ణయం. శత్రువును ప్రేమించమన్న బోధను ఆమె ఆచరించి చూపారు. దీన్ని ఎవరూ మరొకరి మీద రుద్దలేరు. నష్టపోయినవారిని క్షమించమని ఒత్తిడి చేయడం వారికి మరో అన్యాయం చేయడమే.

సారాంశం

క్రైస్తవ విశ్వాసం ప్రకారం మంచితనం తప్పులు లేని పట్టిక కాదు. ఎదుటివాడి అవసరాన్ని చూసి ఆగడంతో అది మొదలవుతుంది. అది కృప వల్ల లభించినది కనుక గర్వానికి తావు లేదు; ఫలించవలసినది కనుక బద్ధకానికీ తావు లేదు. బాధకు కారణమైన అన్యాయాన్ని అది పట్టించుకుంటుంది. షరతులు పెట్టదు. చివరకు శత్రువును కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

మీరు ఆలోచించవలసిన ప్రశ్నలు

1. యాజకుడు చట్టప్రకారం ఏ నేరమూ చేయలేదు. అతణ్ణి తప్పుపట్టడం న్యాయమేనా?
2. హోఫ్‌మన్ ప్రారంభించిన పరపతి సంఘానికి, ఒకరోజు అన్నదానానికి తేడా ఏమిటి?
3. మీ తరగతిలోనో, హాస్టల్‌లోనో అందరూ పక్కనుండి వెళ్లిపోతున్న వ్యక్తి ఎవరైనా ఉన్నారా? మీరు ఆగితే మొదట చేయవలసిన పని ఏది?