సర్టిఫైడ్ సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు కొంటున్నారా? వారంటీలో ఏది వస్తుంది, ఏది రాదు.. సంతకానికి ముందే చూసుకోండి

కొత్తగా 70 లక్షలు పెట్టి కొన్న బెంజో, బీఎండబ్ల్యూనో నాలుగైదేళ్లు తిరిగాక సగం ధరకే షోరూమ్‌లో మెరుస్తూ కనిపిస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. అద్దం మీద ‘సర్టిఫైడ్’ స్టిక్కర్ ఉంటుంది. ‘రెండేళ్ల వారంటీ సార్, మీరేం టెన్షన్ పడక్కర్లేదు’ అని సేల్స్ ఎగ్జిక్యూటివ్ భరోసా ఇస్తారు. ఆ మాటతోనే చాలామంది అడ్వాన్స్ కట్టేస్తున్నారు.

అయితే ఇక్కడో చిక్కు ఉంది. కారు ధర సగానికి పడిపోయినా, దాని స్పేర్ పార్టుల ధర పడిపోదు. 35 లక్షలకు కొన్నా సరే, గేర్‌బాక్స్ పోతే 70 లక్షల కారు గేర్‌బాక్స్ రేటే కట్టాలి. ఈఎంఐ లెక్కలన్నీ వేసుకుని కొన్న కుటుంబానికి అలాంటి బిల్లు ఒక్కటి వచ్చినా బడ్జెట్ తలకిందులవుతుంది. అందుకే ఈ కార్ల విషయంలో వారంటీ కాగితం కారంత ముఖ్యం. మరి అందులో ఏముంటుంది? ఏది ఉండదు?

ముందు.. ఆ వారంటీ ఎవరిది?

‘సర్టిఫైడ్’ అనే మాటకు మన దేశంలో చట్టపరంగా ఒకే నిర్వచనం అంటూ లేదు. కార్ల కంపెనీలే సొంతంగా నడిపే పథకాలు కొన్ని ఉన్నాయి. బీఎండబ్ల్యూ ప్రీమియం సెలెక్షన్, మెర్సిడెస్ బెంజ్ సర్టిఫైడ్, ఆడి అప్రూవ్డ్ ప్లస్, పోర్షే అప్రూవ్డ్ అలాంటివే. ఇవి కాకుండా అన్ని బ్రాండ్ల పాత కార్లూ అమ్మే డీలర్లు ఉన్నారు. వాళ్లూ ‘సర్టిఫైడ్’ అనే అంటారు. కాకపోతే ఆ సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్లే. వారంటీ కూడా డీలర్ సొంతంగా ఇవ్వచ్చు, లేదా బయటి వారంటీ కంపెనీ నుంచి కొనివ్వచ్చు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, కారు ఆగిపోయిన రోజున. కంపెనీ పథకమైతే ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లొచ్చు, అసలు పార్టులే పడతాయి. డీలర్ వారంటీ అయితే ఆయన చెప్పిన వర్క్‌షాప్‌కే వెళ్లాల్సి రావచ్చు. ఆ షాపు మూతపడితే వారంటీ కూడా మూతపడినట్టే. అందుకే కాగితం మీద వారంటీ ఇస్తున్నది ఎవరి పేరో మొట్టమొదట చూడాలి. డీలర్ లెటర్‌హెడ్ మీద కంపెనీ లోగో ఉన్నంత మాత్రాన అది కంపెనీ వారంటీ అయిపోదు.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తుంటారు. ఆడి తన పాత కార్లకు 300కు పైగా అంశాల్లో తనిఖీ చేస్తామని చెబుతుంది. పోర్షే లెక్క 111. ఇవి తనిఖీ చేసే అంశాల సంఖ్యలు మాత్రమే. 300 చోట్ల చూశారంటే 300 పార్టులకు వారంటీ ఉందని కాదు. బ్రేక్ ప్యాడ్ ఎంత అరిగిందో కొలిచి రిపోర్టులో రాస్తారు, కానీ నెల తర్వాత అదే ప్యాడ్ మార్చాలంటే బిల్లు మీదే. తనిఖీ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. అది ఎందుకు అవసరమో కింద చెబుతాం.

గడువు ఎప్పటి నుంచి మొదలు?

కొత్త కారుతో వచ్చిన కంపెనీ వారంటీ, మొదటి యజమాని చేతికి కారు ఇచ్చిన రోజు నుంచే నడుస్తుంది. మీరు కొన్న రోజుతో దానికి సంబంధం లేదు. ఉదాహరణకు మూడేళ్ల వారంటీ ఉన్న కారు 2023 జూన్‌లో మొదటిసారి డెలివరీ అయితే, 2026 ఫిబ్రవరిలో కొన్నవాళ్లకు అందులో మిగిలేది నాలుగు నెలలే. షోరూమ్ డెమో కారైతే అది డెమోగా రోడ్డెక్కిన రోజు నుంచే లెక్క మొదలై ఉండొచ్చు.

కాబట్టి ‘రెండేళ్ల వారంటీ’ అన్నప్పుడు వెంటనే అడగాల్సింది ఒకటే. ఆ రెండేళ్లు నేను కారు తీసుకున్న రోజు నుంచా, పాత వారంటీ అయిపోయాక నుంచా? లేక మిగిలిన పాత వారంటీని కూడా కలిపి రెండేళ్లంటున్నారా? మూడింటికీ మధ్య నెలల కొద్దీ తేడా వస్తుంది. కిలోమీటర్ల పరిమితి ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. హైదరాబాద్ నుంచి వారం వారం సొంతూరికి తిరిగేవాళ్లకు గడువు కంటే కిలోమీటర్లే ముందు అయిపోతాయి.

ఏవి కవర్ అవుతాయి?

సాధారణంగా ఇంజిన్ లోపలి భాగాలు, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, స్టీరింగ్ యంత్రాంగం, ఫ్యూయల్ పంపు, ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు లాంటివి కవర్ అవుతాయి. అంటే పెద్ద బిల్లులు తెచ్చేవి చాలావరకు ఇందులోనే ఉన్నాయి. పార్టు ధరతో పాటు లేబర్ ఛార్జీ కూడా కలిసిందో లేదో మాత్రం చూసుకోవాలి. కొన్ని వారంటీల్లో కారు నడిచిన కిలోమీటర్లు పెరిగేకొద్దీ పార్టు ఖర్చులో కొంత శాతం యజమానే భరించాలన్న షరతు ఉంటుంది. ఒక్కో క్లెయిమ్‌కు ఇంతకు మించి ఇవ్వం అనే సీలింగ్ కూడా ఉండొచ్చు. ‘గేర్‌బాక్స్ కవర్ అవుతుంది’ అనే మాట నిజమే కావచ్చు. సీలింగ్ దాటిన మొత్తం మాత్రం మీ జేబులోంచే పోతుంది.

రానివి ఏంటి? టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు, వైపర్లు, ఫిల్టర్లు, ఆయిళ్లు, మామూలు 12 వోల్టుల బ్యాటరీ, అద్దాలు, పెయింట్, సీటు లెదర్. ఇవి వాడుతుంటే అరిగేవి, పాతబడేవి కాబట్టి ఏ వారంటీలోనూ పెద్దగా ఆశ పెట్టుకోలేం. ఇంతవరకు ఎవరికీ గొడవ లేదు.

అసలు గొడవంతా మధ్యలో ఉన్న పార్టులతోనే

లోపం వల్ల చెడిందా, వాడకం వల్ల అరిగిందా? వారంటీ వివాదాలు ఎక్కువగా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. లగ్జరీ కార్లలో ఈ మధ్యరకం పార్టులు మరీ ఎక్కువ, ధరలూ ఎక్కువే.

ఎయిర్ సస్పెన్షన్‌నే తీసుకోండి. రాత్రి పార్క్ చేసిన కారు పొద్దున చూస్తే ఒక పక్కకు వాలిపోయి ఉంటుంది. లోపల గాలి నిలిపే రబ్బరు తిత్తి పగిలింది. సస్పెన్షన్ వారంటీలో ఉంది కదా అని మనం అంటాం. రబ్బరు భాగాలు అరుగుదల కింద లెక్క, రావని వాళ్లంటారు. పైగా తిత్తి నుంచి గాలి కారుతుంటే దాన్ని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా పని చేసి అది కూడా కాలిపోతుంది. కంప్రెసర్ వారంటీలో ఉన్నా, కవర్ కాని పార్టు వల్ల చెడింది కాబట్టి ఇవ్వం అనే క్లాజు ఒకటి చాలా కాగితాల్లో కనిపిస్తుంది.

డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్‌ది ఇలాంటి కథే. రోజూ జూబ్లీహిల్స్ నుంచి హైటెక్ సిటీ వరకు ట్రాఫిక్‌లో నత్తనడకన వెళ్లే కారులో ఆ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకునేంత వేడి ఎక్కదు. మసి పేరుకుని బిగుసుకుపోతుంది. అది పార్టు లోపం కాదు, వాడిన తీరు అని క్లెయిమ్ పక్కన పెట్టేస్తారు. తిరిగేది సిటీలోనే అయితే డీజిల్ ఎస్‌యూవీకి బదులు పెట్రోల్ చూసుకోవడం మేలు.

సన్‌రూఫ్ చుట్టూ ఉండే నీటి గొట్టాల్లో ఆకులు, దుమ్ము అడ్డుపడితే వాన నీరు లోపలికి దిగి వైరింగ్‌ను, మాడ్యూళ్లను పాడుచేస్తుంది. మాడ్యూల్ కవర్ అవుతుంది, కానీ నీళ్ల వల్ల చెడితే కాదు. టచ్ స్క్రీన్, ఎల్‌ఈడీ హెడ్‌లైట్, సీట్ల మోటార్లు, ఆయిల్ లీకేజీ.. వీటికీ ఒక్కో కాగితంలో ఒక్కో మాట ఉంటుంది. హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారైతే పెద్ద బ్యాటరీకి వేరే వారంటీ ఉంటుంది, దాని గడువు విడిగా అడిగి రాయించుకోండి.

అందుకే సేల్స్‌లో ‘ఏమేం కవర్ అవుతాయి’ అని కాకుండా ‘కవర్ కానివి చూపించండి’ అని అడగండి. వారంటీ బుక్‌లెట్‌లో ఆ పేజీలే అసలువి.

క్లెయిమ్ ఎందుకు తిరగ్గొడతారు?

సర్వీస్ ఒక్కటి తప్పినా, గడువు దాటి చేయించినా అదే కారణంగా చూపిస్తారు. మీరు కొనకముందు పాత యజమాని చేసిన నిర్లక్ష్యం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. అందుకే ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ నుంచి పూర్తి సర్వీస్ హిస్టరీ తెప్పించుకోవాలి. పికప్ కోసం ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చిన కార్లు పాత మార్కెట్‌లో తక్కువేం కాదు. తిరిగి పాత ప్రోగ్రామ్ ఎక్కించినా కంపెనీ స్కానర్‌కు దాని ఆనవాళ్లు దొరికే వీలుంది. ఇంజిన్ వారంటీ అక్కడితో గోవిందా.

ఎర్ర లైటు వెలిగినా ‘ఇంటికి చేరుకున్నాక చూద్దాంలే’ అని నడిపితే అదీ మీ మీదికే వస్తుంది. కూలెంట్ కొద్దిగా లీకైతే చిన్న రిపేరు. ఆ వేడి మీద మరో 20 కిలోమీటర్లు నడిపితే ఇంజిన్ హెడ్ వంగిపోతుంది. ఎప్పుడు వార్నింగ్ వచ్చింది, ఆ తర్వాత ఎంత దూరం నడిచింది అన్నది కారు కంప్యూటర్‌లో నమోదై ఉండొచ్చు. బండి ఆపి రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేయడమే అన్నిటికంటే చవకైన పని.

మనకు తెలిసిన మెకానిక్ చేత ముందే విప్పించడం మరో పెద్ద తప్పు. వారంటీ ఇచ్చినవాళ్లు ఓకే చెప్పకముందే పార్టు విప్పితే క్లెయిమ్ పోయినట్టే. సర్వీస్ సెంటర్‌లో విప్పించినా, లోపం కవర్ కానిదని తేలితే విప్పి చూసిన లేబర్ ఛార్జీ మీరే కట్టాలి. ఆ ఛార్జీ ఎంతో ముందే రాతపూర్వకంగా అడగొచ్చు.

వరద నీళ్లలో మునిగిన కార్లతో జాగ్రత్త

2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. రెండు చోట్లా కాలనీల్లో కార్లు నీట మునిగాయి. అలాంటి కార్లను కడిగి, సీట్లు మార్చి మళ్లీ అమ్మకానికి పెడితే బయటికి ఏమీ తెలియదు. నెలల తర్వాత కనెక్టర్లలో తుప్పు మొదలై, ఒక్కో సిస్టమ్ మొరాయిస్తుంది. నీటి వల్ల జరిగిన నష్టం వారంటీలో రాదు. అది ఇన్సూరెన్స్ చూసుకోవాల్సిన విషయం, అదీ ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లాంటివి ఉంటేనే పూర్తిగా. మీరు కొనకముందే మునిగిన కారుకు మీ ఇన్సూరెన్స్ కూడా పనికిరాదు.

కారు మీద గతంలో ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు ఉన్నాయా అన్నది పాత పాలసీ నుంచి కొంత తెలుస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ కింద చేయి పెట్టి చూడండి. ‘ప్రమాదంలో గానీ, వరదలో గానీ దెబ్బతినలేదు’ అని డీలర్ చేత ఇన్వాయిస్ మీదే రాయించుకుంటే ఇంకా మంచిది. పైన చెప్పిన తనిఖీ రిపోర్టు ఇక్కడే పనికొస్తుంది. కొన్నప్పుడు కారు ఎలా ఉందని అమ్మినవాళ్లే సంతకం పెట్టిన సాక్ష్యం అది.

పాత వాహనాల డీలర్లు ఆర్టీఏ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలని కేంద్రం తెచ్చిన నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఫారం 29బీ పేరుతో డీలర్‌కు ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఇస్తారు. అది చూపించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి

అక్కడ మన తెలుగువాళ్లకు ‘సీపీవో’ మాట బాగా అలవాటు. బీఎండబ్ల్యూ, బెంజ్ కొత్త కార్లకు అక్కడ నాలుగేళ్లు లేదా 50 వేల మైళ్ల వారంటీ ఉంటుంది. అది అయ్యాక కంపెనీ సర్టిఫైడ్ కారుకు మరో ఏడాది, మైళ్ల పరిమితి లేకుండా కలుస్తుంది. అయితే అక్కడ కూడా డీలర్ సొంత ‘సర్టిఫైడ్’ స్టిక్కర్లు ఉన్నాయి. ఫెడరల్ నిబంధన ప్రకారం డీలర్లు అమ్మే ప్రతి పాత కారుకూ ‘బయ్యర్స్ గైడ్’ అనే కాగితం అంటించాలి. అందులో ‘యాజ్ ఈజ్’ గడి టిక్ చేసి ఉంటే డీలర్ వారంటీ ఏమీ లేదని అర్థం. అక్కడ ఇంకో సౌలభ్యం ఏంటంటే, బయట సర్వీస్ చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయడానికి 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఒప్పుకోదు. రసీదులు మాత్రం దాచుకోవాలి.

క్లెయిమ్ ఇవ్వకపోతే ఎక్కడికెళ్లాలి?

తిరస్కరణను నోటిమాటగా ఒప్పుకోవద్దు. ఏ క్లాజు ప్రకారం ఇవ్వడం లేదో ఈమెయిల్‌లో రాయమనండి. ముందుగా నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌కు వెళ్లొచ్చు. కారుకు చెల్లించిన మొత్తం 50 లక్షల వరకైతే జిల్లా కమిషన్, 50 లక్షల నుంచి 2 కోట్ల వరకైతే రాష్ట్ర కమిషన్. కారు వేరే ఊళ్లో కొన్నా సరే, మీరు ఉండే చోటే కేసు వేసుకునే వీలుంది. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. వ్యాపార అవసరానికి కొన్న కారైతే మాత్రం అసలు మీరు ‘వినియోగదారు’ అవుతారా అన్న పేచీ వస్తుంది, కాబట్టి ట్రావెల్స్‌కు తిప్పేవాళ్లు ముందే లాయర్‌ను అడగడం మంచిది. ఫిర్యాదుతో పాటు ఇన్వాయిస్, వారంటీ బుక్‌లెట్, తనిఖీ రిపోర్టు, సర్వీస్ బిల్లులు, తిరస్కరించిన ఈమెయిల్ జత చేయాలి. ‘అన్నీ కవర్ అవుతాయి సార్’ అని సేల్స్ ఎగ్జిక్యూటివ్ పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంటే అదీ డిలీట్ చేయకండి.