కత్తి దిగినా కదల్లేదు!

మత్తుమందు లేని రోజుల్లో ఆపరేషనంటే నలుగురు పట్టుకోవాలి, ఒకరు కోయాలి. అలాంటి కాలంలో హుగ్లీ నది ఒడ్డున ఓ డాక్టరు చేతులు ఊపి రోగుల్ని నిద్రపుచ్చాడు. కత్తి తీసుకుని కోశాడు. వాళ్లు లేచి, 'ఇంకా ఎప్పుడు మొదలుపెడతారు?' అన్నట్టు చూశారు!

1845 ఏప్రిల్ 4. బెంగాల్‌లోని హుగ్లీ జైలు ఆసుపత్రి. మాధవ్ కౌరా అనే ఖైదీకి రెండువైపులా వరిబీజం. డాక్టర్ జేమ్స్ ఎస్డెయిల్ ఒకవైపు నీరు తీసేసి, మళ్లీ ఊరకుండా లోపలికి ఘాటైన మందు ఎక్కించాడు. అప్పట్లో అదే వైద్యం. ఆ మంటకి ఖైదీ విలవిల్లాడిపోయాడు. చూడలేకపోయిన ఎస్డెయిల్‌కి ఎక్కడో చదివిన మెస్మరిజం గుర్తొచ్చింది. అప్పటిదాకా ఆయన దాన్ని కళ్లతో చూసింది లేదు. పక్కనున్న దేశీ డాక్టర్ని అడిగితే, కలకత్తా మెడికల్ కాలేజీలో ఎవరో ప్రయత్నించారనీ, ఫలించలేదనీ చెప్పాడు. అయినా సరే అనుకుని ఖైదీకి ఎదురుగా కూర్చుని, ముఖం మీదుగా పొట్టదాకా చేతులు మెల్లగా దించడం మొదలుపెట్టాడు.

చాలాసేపటికి ఖైదీ మూలుగు ఆగింది. మొద్దు నిద్ర! ఎస్డెయిల్ జడ్జినీ కలెక్టర్నీ సాక్షులుగా పిలిపించాడు. సూదులతో గుచ్చారు. మోకాలికి నిప్పు తగిలించారు. దగ్గరున్నవాళ్ల కళ్లలో నీళ్లు తెప్పించిన అమ్మోనియా ఘాటుని ముక్కు దగ్గర పెట్టారు. రెప్ప కూడా కదల్లేదు. (ఖైదీ కాబట్టి అతన్ని అడిగేవాళ్లెవరూ లేరన్నది వేరే సంగతి.)

పారిస్‌లో ఓడిపోయిన విద్య

ఎస్డెయిల్ చదివిన ఆ మెస్మరిజం అప్పటికే డాక్టర్ల లోకంలో పరువు పోగొట్టుకుంది. వియన్నాకు చెందిన డాక్టర్ ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్, మనుషుల ఒంట్లో కంటికి కనపడని ఓ అయస్కాంత ద్రవం పారుతుందనీ, అది అడ్డుపడితేనే జబ్బులొస్తాయనీ చెప్పేవాడు. 1778లో పారిస్ చేరాడు. జనం విరగబడ్డారు. దాంతో 1784లో పదహారో లూయీ రాజు విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ లాంటి ఉద్దండులున్నారు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకి 'అయస్కాంత శక్తి' ఎక్కించి, కళ్లకు గంతలు కట్టిన ఓ కుర్రాణ్ని చెట్టు చెట్టుకీ తిప్పారు. అతను మూర్ఛపోయాడు... కానీ అసలు చెట్టు దగ్గర కాదు! ద్రవమూ లేదు, గివమూ లేదు, అంతా ఊహ మహిమేనని సంఘం తేల్చేసింది.

అయితే ఊహకే అంత శక్తి ఉంటే ఆ ఊహనే మందుగా వాడుకోవచ్చు కదా? ఈ కీలకమైన సంగతి పట్టుకున్నవాడు మనవాడే. గోవాలోని కాండోలిమ్‌లో 1756లో పుట్టిన అబె ఫారియా. ఈ క్రైస్తవ మతాచార్యుడు 1813లో పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, నిద్రపుచ్చేవాడి చేతిలో ఏ శక్తీ లేదనీ, ఉన్నదంతా నిద్రపోయేవాడి మనసులోనేననీ చెప్పాడు. ఆయన్ని అప్పుడు చాలామంది ఎగతాళి చేశారు. పణజీలో ఇప్పటికీ ఆయన విగ్రహం ఉంది: ఓ స్త్రీని నిద్రపుచ్చుతున్నట్టుగా!

గంటల తరబడి చేతులూపిందెవరు?

మళ్లీ హుగ్లీకి వద్దాం. మొదటి గెలుపు తర్వాత ఎస్డెయిల్ ఆగలేదు. ఎనిమిది నెలల్లో 73 నొప్పిలేని ఆపరేషన్లు చేశానంటూ 1846లో 'మెస్మరిజం ఇన్ ఇండియా' పుస్తకం అచ్చువేశాడు. వాటిలో అతి భయంకరమైనవి బోదజబ్బుతో వృషణాల దగ్గర పెరిగే కంతులు. కోస్తా జిల్లాల్లో ఫైలేరియాని చూసినవాళ్లకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. కొన్ని కంతులు పదుల కిలోల బరువుండేవి. మోయలేరు, నడవలేరు. కోయించుకుంటే నొప్పికీ రక్తస్రావానికీ ప్రాణం పోయేది. తన దగ్గర అలా పోయినవాళ్లు నూటికి అయిదుగురేనని ఎస్డెయిల్ లెక్క చెప్పాడు.

ఇంతకీ ఆ నిద్ర ఎవరి పుణ్యం? చీకటి గదిలో రోగిని పడుకోబెట్టి, తల దగ్గర కూర్చుని, ముఖం మీదకు వంగి ఊపిరి వదులుతూ గంటల కొద్దీ చేతులు ఆడించాలి. కొందరికి ఒక్క రోజు సరిపోదు, వరసగా పది పన్నెండు రోజులు పట్టేది. అంత ఓపిక దొరగారికి ఎక్కడిది! ఆసుపత్రిలోని కాంపౌండర్లకీ కట్లు కట్టే కుర్రాళ్లకీ నేర్పి ఆ పని అప్పగించాడు. హిందువులూ ముస్లిములూ ఇద్దరూ ఉన్నారు వాళ్లలో. కీర్తి మాత్రం కత్తి పట్టినవాడికే దక్కింది.

కలకత్తాలోనూ ఇంగ్లండ్‌లోనూ డాక్టర్లు నమ్మలేదు. దొరని మెప్పించడానికి కూలీలు నొప్పి లేనట్టు నటిస్తున్నారన్నారు! 1842లో ఇంగ్లండ్‌లోనూ ఇదే జరిగింది. ఓ కూలీని నిద్రపుచ్చి తొడ దగ్గర కాలు తీసేస్తే, అతను నటించాడని లండన్ వైద్య సంఘంలో వాదించారు. కాలు కోస్తుంటే నటించగలిగేవాడు ఎక్కడైనా ఉంటాడా అన్న అనుమానం వాళ్లకి రాకపోవడమే వింత.

బెంగాల్ ప్రభుత్వం 1846లో కమిటీ వేసింది. నిద్ర పట్టని రోగుల్ని పంపించేసి మిగిలినవాళ్లకి ఆపరేషన్లు చేయించి చూశారు. కొందరు మెలికలు తిరిగారు, కానీ లేచాక నొప్పి గుర్తే లేదన్నారు. ఆ ఏడాది నవంబరులో కలకత్తాలో మెస్మరిక్ ఆసుపత్రి తెరిచారు. కానీ అప్పటికి నెల రోజుల ముందే, అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ మత్తుతో ఆపరేషన్ చేయించేశాడు. పది రోజుల చేతులూపుడెక్కడ, పది నిమిషాల ఈథరెక్కడ! డిసెంబరులో లండన్‌లో ఈథర్‌తో కాలు తీసిన సర్జన్ లిస్టన్, ఈ అమెరికా చిట్కా మెస్మరిజాన్ని చిత్తు చేసిందని సంబరపడ్డాడంటారు. మరుసటి ఏడాది క్లోరోఫామ్ కూడా వచ్చింది. ఎస్డెయిల్ 1851లో ఇండియా వదిలి వెళ్లిపోయాడు.

పేరు మార్చాక గౌరవం

ఈలోగా మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్, చేతులూ ద్రవాలూ అక్కర్లేదనీ, మెరిసే వస్తువు మీద చూపు నిలిపితే చాలనీ చూపించాడు. 1843 నాటి తన పుస్తకంలో దీనికి గ్రీకుల నిద్రాదేవత హిప్నోస్ పేరు మీద కొత్త పేరు పెట్టాడు. అదే హిప్నాటిజం. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో బెర్న్‌హైమ్, షార్కో దీనిమీద వాదులాడుకున్నారు. ఫ్రాయిడ్ కొన్నాళ్లు వాడి వదిలేశాడు. మనకైతే హిప్నాటిజం అంటే చాలాకాలం స్టేజీ మీద మెజీషియన్ చేసే తమాషానే.

ఆపరేషన్ థియేటర్లోకి అది మళ్లీ వచ్చింది. బెల్జియంలోని లియేజ్ యూనివర్సిటీ ఆసుపత్రిలో 1992 నుంచి థైరాయిడ్ లాంటి ఆపరేషన్లు వేల సంఖ్యలో ఇలా చేశారు. కోసేచోట తిమ్మిరి మందు, కొద్దిగా మత్తు, పక్కన కూర్చుని హిప్నటైజ్ చేసే డాక్టరు... రోగి మెలకువతోనే ఉంటాడు. తనకిష్టమైన చోటెక్కడో విహరిస్తున్నట్టు ఊహించుకుంటూ ఉంటాడు. చీకటి గదులు లేవు, పది రోజుల ఎదురుచూపూ లేదు. ముందుగా రోగి సరేనంటేనే మొదలుపెడతారు.