వంశంలో ‘దొర’ ఉన్నాడంటారు.. నిజమో కాదో తెలుసుకునేదెలా?

ఇంట్లో ఎవరికైనా పిల్లికళ్లు ఉన్నా, రంగు కాస్త ఎక్కువ తెలుపైనా పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు: “మన ఖాందాన్‌లో పాతకాలంలో ఒక దొర ఉన్నాడు.” కొందరు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. కొందరు సంబంధాలు చెడిపోతాయేమోనని అస్సలు బయటకు రానివ్వరు. ఇది నిజమో కాదో తేల్చుకోవచ్చా? చాలావరకు తేల్చుకోవచ్చు. దానికో పద్ధతి ఉంది.

ముందు కాలం లెక్క చూడండి

మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాలు ఇంగ్లీషు వాళ్ల చేతికి వచ్చింది 1800లో. ఆ ఏడాది అక్టోబరులో నిజాం ఒప్పందం చేసుకుని కడప, బళ్లారి వైపు జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. వీటినే దత్తమండలాలు అన్నారు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరు. తర్వాత 1820లో సి.పి.బ్రౌన్ కడపకు ఉద్యోగం మీద వచ్చాడు.

కాబట్టి “హైదర్ అలీ కాలంలోనే మా ఊళ్లో ఇంగ్లీషు దొర ఇల్లు కట్టాడు” అంటే ఆ కథను ఒకటికి రెండుసార్లు సరిచూడాలి. హైదర్ ఫౌజులో, నిజాం ఫౌజులో ఫ్రెంచివాళ్లు కూడా ఉండేవారు. పైగా మన దగ్గర ‘దొర’ అంటే తెల్లవాడే కానక్కర్లేదు, ఊరి జమీందారునీ దొర అనేవాళ్లు.

పేరు చూసి కూడా మోసపోవద్దు. మన్రో మీద అభిమానంతో ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని చెబుతారు. అది గౌరవంతో పెట్టిన పేరు, రక్తసంబంధం కాదు. కళ్ల రంగు సంగతీ అంతే. కడపను ఏలిన మయానా నవాబులు పఠాన్లు. పఠాన్, ఇరానీ, తుర్కీ మూలాలున్న ఇళ్లలోనూ లేతరంగు కళ్లు కనిపిస్తాయి.

హైదరాబాద్‌లో జరిగిన అసలు కథ

తెలుగు నేల మీద ఇలాంటి సంబంధాల్లో రికార్డులతో సహా బాగా తెలిసినది కిర్క్‌ప్యాట్రిక్, ఖైరున్నిసా బేగంలది. జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్ 1798 నుంచి 1805 దాకా నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటు. కోఠిలో మహిళా కళాశాల నడిచిన పెద్ద రెసిడెన్సీ భవనం కట్టించింది ఆయనే. ఖైరున్నిసా నిజాం ప్రధాని మీర్ ఆలంకు దగ్గరి బంధువుల ఇంటి అమ్మాయి. కిర్క్‌ప్యాట్రిక్ ఇస్లాం స్వీకరించాకే నికా జరిగిందని ఆనాటి సాక్ష్యాలు చెబుతున్నాయి.

వాళ్లకు ఇద్దరు పిల్లలు. 1801లో పుట్టిన కొడుకును సాహిబ్ ఆలం అనీ, 1802లో పుట్టిన కూతురిని సాహిబ్ బేగం అనీ పిలిచేవారు. 1805లో ఆ పసిపిల్లలిద్దరినీ మద్రాసులో ఓడెక్కించి ఇంగ్లండుకు పంపేశారు. అదే ఏడాది అక్టోబరులో తండ్రి కలకత్తాలో చనిపోయాడు. 1806 మార్చిలో లండన్‌లో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. తల్లి ఖైరున్నిసా 1813లో హైదరాబాద్‌లో కన్నుమూసింది. పిల్లలను మళ్లీ చూడలేదు.

వంశం వెతికేవాళ్లు ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ‘సాహిబ్ బేగం’ అని వెతికితే కథ 1805లో ఆగిపోతుంది. ‘కేథరిన్’ అని వెతికితే 1806లో మొదలవుతుంది. మనిషి ఒక్కరే, పేర్లు రెండు. మధ్యలో ఆ ముడి వేసే కాగితం దొరకకపోతే ఒకే అమ్మాయి రెండు కుటుంబాల మనిషిలా మిగిలిపోతుంది.

కిట్టీ అని పిలిచే ఆ కేథరిన్ 1829లో ఒక కెప్టెన్‌ను పెళ్లి చేసుకుని ఇంగ్లండులోనే స్థిరపడింది. ఆమెకు అమ్మ ఊరు గుర్తుంది. 1840ల్లో హైదరాబాద్‌లో ఇంకా బతికే ఉన్న నానీ షరఫున్నిసాకు ఉత్తరం అందింది. నానీ ఫారసీలో జవాబు రాయించింది. ఇద్దరూ కొన్నేళ్లు ఉత్తరాలు రాసుకున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండానే 1847లో నానీ పోయింది, 1889లో కిట్టీ పోయింది. ఈ రోజు ఆ వంశం గురించి మనకు ఇంత తెలుస్తోందంటే ఆ ఉత్తరాలూ ఒక కారణం.

మన ఇంటి కాగితాలు ఎక్కడుంటాయి?

కిర్క్‌ప్యాట్రిక్ పెద్ద అధికారి. అందుకే కాగితాలు మిగిలాయి. మామూలు సిపాయికో, గుమాస్తాకో పుట్టిన పిల్లల సంగతి వేరు. తండ్రి కంపెనీ మనిషి, తల్లి ఇక్కడి ఆడమనిషి అయితే చర్చి రిజిస్టర్లలో చాలాసార్లు తల్లి పేరే రాయలేదు. పైగా 1791లో కంపెనీ ఒక ఉత్తర్వు తెచ్చి, భారతీయ తల్లికి పుట్టిన కొడుకులకు తన ఉద్యోగాలు ఇవ్వకుండా చేసింది. అలాంటప్పుడు తల్లి సంగతి దాచిపెట్టడమే లాభమని అనుకున్నవాళ్లు ఎంతమందో.

అందుకే రెండు వైపుల నుంచీ వెతకాలి.

1. మన వైపు: ఇంట్లో షజరా ఉంటే దానితో మొదలుపెట్టండి. పాత నికానామాలు, ఖాజీ దగ్గరి రిజిస్టరు, కబ్రస్తాన్‌లో రాళ్ల మీద పేర్లు రాసుకోండి. మసీదు, దర్గా ఇనాం భూములతో సంబంధం ఉన్న కుటుంబమైతే ఇనాం ఫెయిర్ రిజిస్టరు చూడండి. 1858లో వేసిన ఇనాం కమిషన్ పనిలో తయారైన రికార్డు ఇది. భూమి ఎవరిచ్చారు, అప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అన్నవి అందులో ఉంటాయి. ఒక్కోసారి రెండు మూడు తరాల పేర్లు ఒకేచోట దొరుకుతాయి.

2. వాళ్ల వైపు: మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. చాలావరకు ఆన్‌లైన్‌లోనూ వెతకొచ్చు. వీలునామాలు మరీ ముఖ్యం. రిజిస్టరులో పేరు లేని ఆడమనిషికి వీలునామాలో నెలకింత అని రాసిన సందర్భాలు ఉన్నాయి.

3. ప్రభుత్వ రికార్డులు: 1953 దాకా కడప మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కాబట్టి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాల్సి రావచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెల్లవాళ్ల సమాధుల మీది రాతలను జె.జె.కాటన్ 1905లో పుస్తకంగా వేశాడు. దొర పేరు తెలిస్తే అందులో ఉందేమో చూడొచ్చు. ఊళ్ల సంగతులకు కడప సి.పి.బ్రౌన్ గ్రంథాలయంలో అడగండి.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే సరిపోదా?

ఒక్కటే సరిపోదు. 1805 నుంచి ఇప్పటికి సుమారు ఏడెనిమిది తరాలు. ప్రతి తరానికీ వాటా సగమవుతుంది. ఎనిమిది తరాల కిందటి ఒక్క మనిషి వాటా సగటున 256లో ఒకటి, అంటే అర శాతం కూడా కాదు. పరీక్షలో ‘ఒక శాతం యూరప్’ అని వస్తే దాన్ని పట్టుకుని దొరను తేల్చలేం. మన ఇళ్లలో ఖాలా, ఫూఫీ పిల్లల మధ్య పెళ్లిళ్లు ఉంటాయి కాబట్టి ఒకే పూర్వీకుడు చెట్టులో రెండు చోట్ల రావచ్చు, అప్పుడు లెక్క మారుతుంది.

తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే వై క్రోమోజోమ్ మగ వరస మొత్తం తెగకుండా ఉంటేనే పనికొస్తుంది. మధ్యలో ఒక్క కూతురు వచ్చినా ఆ గుర్తు పోతుంది. తల్లి వరసకు మైటోకాండ్రియా పరీక్ష ఉంది. ఇంగ్లండు యువరాజు విలియం తల్లి వైపు పూర్వీకుల్లో సూరత్‌లో కంపెనీ వ్యాపారి ఇంట్లో ఉన్న ఎలిజా కెవార్క్ అనే ఆమె ఉందని, ఆమె తల్లి వరస భారతీయమని 2013లో చెప్పింది ఈ పరీక్షతోనే. అక్కడ కూడా ముందు కాగితాలు దొరికాయి, తర్వాతే పరీక్ష.

దీనివల్ల ఏమొస్తుంది?

డబ్బు రాదు. “లండన్‌లో మీ దొర ఆస్తి ఉంది, ఫీజు కట్టండి” అని ఫోన్ వస్తే పెట్టేయండి. వీసా కూడా రాదు. బ్రిటన్ ఇచ్చే పూర్వీకుల వీసాకు దాదా, దాదీ, నానా, నానీల్లో ఒకరు అక్కడ పుట్టి ఉండాలి. రాజ్యాంగంలోని 366వ అధికరణ ప్రకారం ఆంగ్లో-ఇండియన్ అనిపించుకోవాలంటే తండ్రి వైపు మగ వరసలోనే యూరప్ మూలం ఉండాలి. నానీ వైపు దొర లెక్కలోకి రాడు.

మన దీన్‌లో నసబ్‌ను సరిగ్గా చెప్పడం చిన్న విషయం కాదు. లేని వంశం తగిలించుకోవడం ఎంత తప్పో, ఉన్నదాన్ని సిగ్గుపడి తుడిచేయడం కూడా అంతే. ఇలాంటి కథల్లో దొర పేరు ఎక్కడో ఒక రిజిస్టరులో దొరుకుతుంది. పేరు లేకుండా పోయేది అతనితో కాపురం చేసిన మన ఇంటి ఆడమనిషిది. ఆ పేరు ఇంకా గుర్తున్నది ఇంట్లో దాదీకో, నానీకో అయి ఉంటుంది. ఆర్కైవ్స్‌కు వెళ్లేముందు వాళ్ల పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. రిజిస్టర్లు ఇంకో పదేళ్లయినా అక్కడే ఉంటాయి.