కోస్టల్ బ్యాటరీ కథ

విశాఖపట్నం బీచి రోడ్డులో కోస్టల్ బ్యాటరీ అనే పేట ఉంది. బ్యాటరీ అనగానే హాస్టల్లో మనకు టార్చిలైటే గుర్తొస్తుంది. సైన్యం భాషలో బ్యాటరీ అంటే ఒకచోట నిలిపిన ఫిరంగుల జట్టు.

విశాఖ రేవును 1933లో తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల ఓడలు దాని మీదికి రాకుండా సముద్రం వైపు ఫిరంగులు పెట్టారు. ఒడ్డున ఇసుకలో మందపాటి కాంక్రీటు గదులు కట్టారు. తుపాకి గొట్టం పట్టేంత సందులే వాటికి కిటికీలు. మాత్రల డబ్బాలా ఉంటాయని వాటిని పిల్‌బాక్సులు అంటారు.

ఫిరంగులు ఓడల కోసం కాచుకుంటే దెబ్బ ఆకాశం నుంచి పడింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను ఓడ మీది నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకొని పల్లెలకు పోయారు. ఆంధ్ర యూనివర్సిటీని గుంటూరుకు తరలించారు. మన బడిని అట్లా లేపుకుపోతే మన చదువులు ఏం కావాలె?

జపాను సైన్యం విశాఖ ఒడ్డున దిగనే లేదు. 1945లో యుద్ధం ముగిసింది. పేటకు పేరు మిగిలింది. సమ్మక్క కాకతీయులతో చేసిన పోరు మనకు పెద్దల నోట వినబడుతుంది. విశాఖ భయం ఒక పేరులో దాగి ఉంది. సెలవులకు పోయినప్పుడు మీ ఊరి వాగులకు, గుట్టలకు ఆ పేర్లు ఎట్లా వచ్చాయో అడిగి రండి. రాసి ఈ గోడకే అతికిద్దాం.